‘ధ’ కింద ఒత్తు కనబడాలి: గాజువాక ఎల్‌ఈడీ స్క్రీను పని డైరీ

మార్చి 4

గాజువాక మెయిన్ రోడ్డు మీద బట్టల షాపు పెద్దాయన పొద్దున్నే కబురు పెట్టారు. పదేళ్లుగా ఆయన షాపుకి ఫ్లెక్సీలు, గ్లో సైన్ బోర్డులు కట్టేది మేమే. ఈసారి ఫ్లెక్సీ వద్దన్నారు. “పెద్ద ఎల్‌ఈడీ పెట్టేద్దాం అబ్బాయ్. ఏది మంచిదో నువ్వే చూసి చెప్పు” అన్నారు.

మా నాన్న బ్రష్షుతో బోర్డులు రాసేవారు. నేను ఫ్లెక్సీ మిషన్ కొన్నాను. 2022 ఆగస్టులో మా విశాఖలోనే ఫ్లెక్సీల నిషేధం ప్రకటించిన రోజు నుంచి, ఈ మిషన్ మీదే బతకలేమని తెలుస్తూనే ఉంది. ఎల్‌ఈడీ అంటే ఇప్పటిదాకా మెడికల్ షాపుల ముందు పరిగెత్తే ఎర్ర అక్షరాల పట్టీలు చేశాను, అంతే. ఇంత పెద్ద కలర్ స్క్రీను ఇదే మొదటిసారి. అందుకే ఏ రోజు పని ఆ రోజు రాసి పెడుతున్నాను.

కొలతలు తీశాం. మొదటి అంతస్తు మీద గోడ 13 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఖాళీగా ఉంది. గోడ ముఖం పడమరకి. తర్వాత టేపు పట్టుకుని రోడ్డు మీదికి వెళ్లాం. షాపు ముందు ఆటోలు ఆగే చోటు 11 మీటర్లు. అవతలి ఫుట్‌పాత్ 27 మీటర్లు. సిగ్నల్ దగ్గర ఆగే బళ్లు 70 మీటర్లు. స్క్రీను సైజు కన్నా ముందు ఈ మూడు అంకెలే పుస్తకంలో మొదటి పేజీలో రాశాను.

మార్చి 7

మూడు కొటేషన్లు వచ్చాయి. ఒకటి పీ10, ఒకటి పీ5, ఒకటి ఈవెంట్లకి అద్దెకి తిప్పే రకం పీ3.91. పీ పక్కన అంకె ‘పిచ్’. ఒక లైటు మధ్య నుంచి పక్క లైటు మధ్యకి ఎన్ని మిల్లీమీటర్లో అది. అంకె తగ్గే కొద్దీ లైట్లు దగ్గరవుతాయి, బొమ్మ నున్నగా వస్తుంది, రేటు పెరుగుతుంది.

మామూలు కంటిచూపుతో ఒక మిల్లీమీటరు ఎడం దాదాపు 3.4 మీటర్ల దాకా విడిగా తెలుస్తుంది. అంతకు మించి దూరం వెళితే కలిసిపోతుంది. ఆ లెక్కన పీ10 చుక్కలు కలిసి బొమ్మ అవ్వాలంటే 34 మీటర్లు వెనక్కి వెళ్లాలి. పీ5కి 17, పీ4కి దాదాపు 14. అవతలి ఫుట్‌పాతే 27 మీటర్లు కాబట్టి, పీ10 పెడితే షాపులోకి వచ్చే అవకాశం ఉన్న వాళ్లందరికీ చుక్కలే కనిపిస్తాయి. అక్షరాలు చదవడానికి చుక్కలు పూర్తిగా కలిసిపోనక్కర్లేదు, నిజమే. కానీ ఈయన అమ్మేది చీరలు. జరీ అంచు చుక్కలుగా కనబడితే ఏం లాభం?

స్క్రీనుని పెట్టెలు పేర్చి కడతారు, వాటినే కేబినెట్లంటారు. ఇవి 960 మిల్లీమీటర్ల చదరాలు. అడ్డంగా 4, నిలువుగా 3 పెడితే 3.84 మీటర్లు బై 2.88 మీటర్లు. మా గోడకి సరిగ్గా పడుతుంది. దాదాపు 119 చదరపు అడుగులు.

మార్చి 9

ఈ రోజంతా గ్రాఫ్ కాగితం మీదే గడిచింది. ఒక గడి ఒక పిక్సెల్, అంటే తెర మీద ఒక చుక్క అనుకుని ‘ధర’ అని రాయడం మొదలుపెట్టాను.

ఇంగ్లీషు పెద్దక్షరం 5 గళ్ల వెడల్పు, 7 గళ్ల ఎత్తులో ఇమిడిపోతుంది. తెలుగు అక్షరం అలా కాదు. పైన తలకట్టో గుడో, మధ్యలో అక్షరం, కింద వత్తు. మూడు అంతస్తుల ఇల్లు. 16 వరుసల్లో రాస్తే ‘ద’ వచ్చింది కానీ, ‘ధ’ కింద ఒత్తు పెడదామంటే అక్షరం పొట్టకి అంటుకుపోయింది. ‘థ’లో చుక్కయితే లోపల పూడుకుపోయింది. 20 వరుసల్లో కొంచెం నయం. 32 వరుసలకి వచ్చాక గానీ ‘లక్ష్మి’ అన్న మాటని లక్ష్మి అని చదవలేకపోయాను. 40 వరుసల్లో నాన్న చేతిరాతలా గుండ్రంగా వచ్చింది.

పెద్దాయనకి కావలసిన డిజైన్‌లో ఎడమ పక్క చీర బొమ్మ, కుడి పక్క చీర పేరు, దాని కింద ధర. కుడి పక్క లైన్ల ఎత్తు 20 సెంటీమీటర్లకి మించడానికి లేదు. పీ10 మీద 20 సెంటీమీటర్లంటే 20 వరుసలు. పీ5 మీద 40. ఏ కొటేషన్‌లోనూ లేని సంగతి ఇది. ఇక్కడే నాకు సగం తేలిపోయింది.

మార్చి 11

సిటీలో ఒక డీలరు డెమో రూముకి వెళ్లాం. ఏసీ గది, సగం చీకటి. గోడ మీద పీ10 స్క్రీను, అందులో చేపలు ఈదుతున్నాయి, ‘సేల్’ అని ఇంగ్లీషులో మెరుస్తోంది. పెద్దాయన ముచ్చటపడ్డారు. నేను నా పెన్‌డ్రైవ్ ఇచ్చి మా డిజైన్ వేయమన్నాను. మంగళగిరి పట్టు చీర ఫోటో, కింద ‘ధర 2,450 నుంచి’.

పెద్దాయన కళ్లు చిట్లించి చదివారు. “దర అని వేశావేంటి? ఒత్తేదీ?” ఒత్తు పెట్టాను. స్క్రీనే దాన్ని మింగేసింది. అదే ఫోటో పక్కనున్న పీ5 మీద వేయించాం. ఒత్తు విడిగా నిలబడింది. నేను గ్రాఫ్ కాగితం జేబులోంచి తీయాల్సిన అవసరమే రాలేదు.

ఇంకో సంగతి కూడా అక్కడే చూశాను. ఆ పీ10 డిప్ రకం. అంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు లైట్లూ విడివిడిగా గుచ్చి ఉంటాయి. ఎండకి గట్టిగా వెలుగుతుంది, హైవే పక్క హోర్డింగులకి పనికొస్తుంది. కానీ నేను ఎడమ నుంచి కుడికి నడుస్తుంటే మెరూన్ చీర కాస్తా ఒకచోట ఇటుక రంగులోకి మారింది. ఎస్‌ఎండీ రకంలో మూడు రంగులూ ఒకే చిన్న గడిలో ఉంటాయి, పక్కనుంచి చూసినా రంగు నిలుస్తుంది. బట్టల షాపుకి ఎస్‌ఎండీయే. దీని మీద ఇక చర్చ లేదు.

మార్చి 14

డీలరు దగ్గర రెండు పీ5 మాడ్యూళ్లు (కేబినెట్లో బిగించే లైట్ల పలకలు) అడిగి తెచ్చాను. ఒక్కొక్కటి 320 బై 160 మిల్లీమీటర్లు. రెండింటికీ రాసి ఉన్నది ‘పీ5 ఎస్‌ఎండీ’ అనే, రేటులో మాత్రం చాలా తేడా. ఎందుకో చూద్దామని మధ్యాహ్నం మూడింటికి మా మేడ మీదికి ఎక్కించి, పడమర ముఖంగా ఆనించి కరెంటిచ్చాం. రెండింటిలో ఒకటి మాయమైపోయింది. వెలుగుతూనే ఉంది, చేత్తో నీడ పెడితే రంగులు ఉన్నాయి. చెయ్యి తీస్తే నల్ల పలక.

మా వెల్డర్ బాబాయ్ దగ్గరికి వచ్చి చూసి, “ఏటి బాబూ, ఇందులో ఏటీ అగుపడ్డం లేదు. కాలిపోనాదా?” అన్నాడు.

కాలిపోలేదు. అది లోపల పెట్టే రకం. లోపల వాడే వాటికి వెయ్యి నిట్స్ లోపు వెలుగు చాలు. బయట ఎండలో కనబడాలంటే 5,000 పైనే కావాలి, అందులోనూ మనది పడమర గోడ. వెనక్కి తిప్పి చూస్తే తేడా ఇంకా స్పష్టంగా ఉంది. బయటి రకానికి వెనక ప్లాస్టిక్ డొక్కు, చుట్టూ రబ్బరు గాస్కెట్, ముందు లైట్ల మధ్య సిలికాన్ పూత, ప్రతి వరుస మీదా సన్న చూరులాంటి పెదవి. లోపలి రకానికి సర్క్యూట్ బోర్డు బట్టబయలు. గాజువాక గాలిలో ఉప్పు ఉంటుంది, నల్లటి దుమ్ము ఉంటుంది. ఆ బోర్డు పిన్నులు రెండు వానాకాలాలు కూడా ఆగవు.

పీ నంబరు ఒక్కటే చూసి రేట్లు పోల్చకూడదు. ఇది చదివే తోటి బోర్డు పనివాళ్లకి చేతులు పట్టుకుని చెప్పాలనిపిస్తోంది. కొటేషన్‌లో అవుట్‌డోర్ అన్న మాట, ముందు వైపు ఐపీ65 (దుమ్ము, నీళ్లు లోపలికి పోవని చెప్పే గ్రేడు), ఎన్ని నిట్స్ అన్న అంకె, ఈ మూడూ రాసి ఇమ్మనండి.

మార్చి 18

అద్దె రకం పీ3.91 మీద పెద్దాయన మనసు రెండు రోజులు తిరిగింది. ఎవరో ఈవెంట్ల వాళ్లు రెండు సీజన్లు వాడిన ప్యానెళ్లు చవగ్గా ఇస్తామన్నారట. అర మీటరు చదరాలు, అల్యూమినియం పోత, తేలిక, తాళాలు తిప్పితే ఊడి వచ్చేస్తాయి. పెళ్లి స్టేజీ మీద అవే కావాలి. కానీ రాత్రికి కట్టి తెల్లారి విప్పడానికి చేసిన సరుకుని ఏడాది పొడవునా గోడ మీద ఎండలో, వానలో ఉంచలేం. వాళ్లు చూపించినవి లోపల వాడే రకం కూడా. పైగా ఏ ప్యానెల్ ఎన్ని గంటలు వెలిగిందో ఎవరికీ లెక్క ఉండదు. తెల్ల తెర వేస్తే ఒక్కో చదరం ఒక్కో తెలుపు. చీరల మీద అది మరక పడ్డట్టు ఉంటుంది. వద్దని గట్టిగానే చెప్పాను.

వాళ్ల దగ్గర ఒక మంచి విషయం మాత్రం నేర్చుకున్నాను. ఫోన్ పరీక్ష. స్క్రీను నడుస్తుండగా ఫోన్ కెమెరా తెరిచి పట్టుకోవాలి. రిఫ్రెష్ (సెకనుకి ఎన్నిసార్లు తెర మళ్లీ వెలుగుతుందో ఆ లెక్క) తక్కువ ఉంటే ఫోన్‌లో నల్ల చారలు పైనుంచి కిందికి జారుతూ కనిపిస్తాయి. వాళ్లది 3,840 హెర్ట్జ్, ఒక్క చార లేదు. మేడ మీద నేను వెలిగించిన చవక మాడ్యూల్‌కి చారలే చారలు. షాపులో అమ్మాయిలు రోజూ కొత్త చీరలతో గుమ్మం ముందు రీల్స్ తీస్తారు, వెనకాల ఈ స్క్రీనే ఉంటుంది. 3,840 అని మన షరతుల్లో చేర్చాను.

మార్చి 22

మిగిలింది పీ4నా, పీ5నా అన్న ప్రశ్న. ఇది తేలిక కాలేదు, రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

పీ5 అయితే మన స్క్రీను 768 బై 576, అంటే 4,42,368 పిక్సెళ్లు. పీ4 అయితే 960 బై 720, అంటే 6,91,200. బొమ్మని స్క్రీనుకి పంపే సెండింగ్ కార్డులో ఒక్కో లాన్ పోర్టు మామూలుగా ఆరున్నర లక్షల పిక్సెళ్ల దాకా మోస్తుంది. పీ5 ఒక్క కేబుల్‌తో సరిపోతుంది, పీ4కి రెండు కావాలి. అది పెద్ద సమస్య కాదు. నన్ను ఆపింది వేరే. పీ4లో లైటు ఇంకా చిన్నది, అవే కొలతల్లో రెండున్నర లక్షల లైట్లు ఎక్కువ. పడమటి ఎండకి, ఉప్పుగాలికి పాడవడానికి అన్ని ఎక్కువ చోట్లు.

పీ5లో తక్కువేమిటో కూడా పెద్దాయనకి దాచకుండా చెప్పాను. 11 మీటర్ల దగ్గర, ఆటో దిగిన మనిషికి, పీ5 చుక్కలు కాస్త తెలుస్తాయి. మాడ్యూల్‌ని గోడ మీద అదే ఎత్తున కట్టి ఇద్దరం కింద నిలబడి చూశాం. చుక్కలు తెలిశాయి, అక్షరం మాత్రం తేటగా ఉంది. “నా వయసుకి చుక్కలేం కనబడటం లేదు అబ్బాయ్, ఒత్తు కనబడుతోంది” అన్నారు. పీ5 ఖాయం. మిగిలిన డబ్బు పవర్ సప్లైలకి, ఇనుముకి, స్పేర్లకి పెడదామని అక్కడే మాట తీసుకున్నాను.

మార్చి 27

కరెంటు లెక్క. ఈ మాడ్యూళ్లకి తెల్ల తెర ఫుల్ మీద చదరపు మీటరుకి 750 వాట్లని రాసిచ్చారు. మన స్క్రీను 11 చదరపు మీటర్లు, అంటే దాదాపు 8.3 కిలోవాట్లు. మామూలు వీడియోకి అందులో మూడోవంతు. త్రీ ఫేజ్ తప్పదు.

కొటేషన్‌లో ఒక చోట అనుమానం వచ్చింది. ఒక్కో కేబినెట్‌లో 18 మాడ్యూళ్లు, వాటికి కరెంటుని 5 వోల్టులకి దించి ఇచ్చే 200 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌లు మూడు. లెక్క కట్టి చూశాను. కేబినెట్ లాగేది 691 వాట్లు, సప్లైలో వేడికి పోయేది పోగా మాడ్యూళ్లకి చేరాల్సింది 590 దాకా, ఒక్కో ఎస్‌ఎంపీఎస్ మీద 196 వాట్లు. 200 వాట్ల సామాను మీద 196 వాట్ల భారం, అదీ మే నెల ఎండలో ఇనప పెట్టెలో. ఇవి రోజూ పోతూనే ఉంటాయి. 5 వోల్టులు, 60 ఆంపియర్ల 300 వాట్ల రకం పెట్టమన్నాను. డీలరు మొదట ఒప్పుకోలేదు, కాగితం మీద లెక్క చూపించాక ఒప్పుకున్నాడు. తేడా డబ్బు మేం కట్టాం. దీనికి ఖర్చు పెట్టినందుకు నాకేమాత్రం బాధ లేదు.

ఏప్రిల్ 2

ఈ రోజు ఫ్రేము. నా మనసులో అన్నిటికన్నా పెద్ద భయం ఇదే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లెవరూ హోర్డింగులు ఎలా మెలితిరిగి పడ్డాయో మరిచిపోరు. నేను కట్టిన బోర్డులు కూడా పోయాయి. ఆ వారంలోనే, అక్టోబరు 7న, నీలం ఎల్‌ఈడీ కనిపెట్టినందుకు అకసాకి, అమానో, నకమురాలకి నోబెల్ ప్రకటించారు. ఎర్ర ఎల్‌ఈడీ 1962లోనే వచ్చింది, నీలం కుదరడానికి దశాబ్దాలు పట్టింది. నీలం లేకపోతే తెలుపు లేదు, ఇలాంటి కలర్ స్క్రీనే లేదు. మాకా వార్త తర్వాతెప్పుడో తెలిసింది. తుఫాను దెబ్బకి ఊరంతా చీకటి.

విశాఖకి భారతీయ ప్రమాణాల్లో చెప్పిన గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద 1,500 న్యూటన్ల ఒత్తిడి. మన 11 చదరపు మీటర్ల మీద మొత్తం కలిపితే దాదాపు 1,700 కిలోల తోపు. కేబినెట్ల బరువు అరటన్ను, అది కిందికి లాగుతుంది. గాలి మాత్రం ముందుకీ వెనక్కీ లాగుతుంది. బాబాయ్ గోడ తట్టి చూసి, “ఇటిక్కి బోల్టేస్తే ఊడొచ్చేత్తాది బాబూ. స్లాబు బీముకే కట్టాల” అన్నాడు. స్ట్రక్చరల్ ఇంజనీరు కూడా అదే మాట చెప్పి, ఇంకా కొన్ని అంశాలు కలిపి మా లెక్కకన్నా గట్టి డ్రాయింగ్ ఇచ్చారు. పైన, కింద బీములకి కెమికల్ యాంకర్లు (జిగురు మందుతో కాంక్రీటులో పట్టించే బోల్టులు), గాల్వనైజ్ చేసిన ఫ్రేము.

వెనక మనిషి దూరే సందు లేదు కాబట్టి ముందు నుంచి మాడ్యూల్ ఊడదీసే రకం కేబినెట్లే తీసుకున్నాం.

ఏప్రిల్ 5

జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) అనుమతి కాగితాలు చేతికొచ్చాక ఆర్డర్ పెట్టాం. స్పేర్ మాడ్యూళ్లు 12, అన్నీ అదే బ్యాచ్‌వి కావాలని రాయించాను. ఎల్‌ఈడీలు ఒక్కో బ్యాచ్‌లో కొద్దిగా తేడా రంగులో వస్తాయి. ఏడాది తర్వాత కొన్న మాడ్యూల్ పాతవాటి మధ్యలో అతుకులా కనబడుతుంది.

ఏప్రిల్ 29

సరుకొచ్చింది. 216 మాడ్యూళ్లు, 12 స్పేర్లు. గోడ ఎక్కించకముందే కేబినెట్లన్నీ నేల మీద పరిచి బూడిద రంగు తెర వేశాను. తెల్ల తెర మీద దాక్కునే తేడా బూడిద రంగు మీద బయటపడుతుంది. పదో కేబినెట్‌లో కింది వరుస మూడూ లేత గులాబీ ఛాయ కొట్టాయి. ఊడదీసి వెనక స్టిక్కరు చూస్తే బ్యాచ్ నంబరు వేరు. డీలరుకి ఫోటోలు పంపాను. ఆయన వాదించలేదు, ఆర్డర్‌లో రాసి ఉంది కాబట్టి నాలుగు రోజుల్లో మార్చి ఇస్తానన్నాడు. గోడ ఎక్కాక అయితే నా టెన్షన్ వేరేగా ఉండేది.

మే 9

స్క్రీను గోడ మీద ఉంది. ఎర్త్ పిట్ విడిగా తవ్వించాం, సర్జ్ ప్రొటెక్టర్ పెట్టాం.

తెలుగు దగ్గర మళ్లీ తట్టుకున్నాం. కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా ‘కొత్త స్టాకు’ అని టైపు చేస్తే తావత్తు విడిపోయి ‘కొత్‌త’ అని వచ్చింది. ఇంత చేసి చివర్లో ఇదేంటని ప్రాణం ఉసూరుమంది. ఎప్పట్లాగే డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరెల్‌డ్రాలో అను ఫాంట్‌తో కంపోజ్ చేసి, సరిగ్గా 768 బై 576 సైజులో బొమ్మగా తీసి ఎక్కించాం. సైజు ఒక్క పిక్సెల్ తేడా వచ్చినా సాఫ్ట్‌వేర్ దాన్ని సాగదీసి అంచులు మసక చేస్తోంది. సన్న ఫాంట్లు పనికిరావు, ఏ గీతా మూడు పిక్సెళ్లకి తగ్గకూడదు. ముదురు నేల మీద లేత అక్షరం బాగా చదవబడుతోంది, కరెంటూ తక్కువ లాగుతోంది.

మే 11

సాయంత్రం నాలుగున్నర, ఎండ తెర మీద ఏటవాలుగా పడుతోంది. ఫుల్ వెలుగు పెట్టి అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడ్డాం. మంగళగిరి చీర అంచు తెలుస్తోంది. కింద ‘ధర’, దాని కింద ఒత్తు. సిగ్నల్ దగ్గరికి నడిచి వెళ్లి చూస్తే చీర పేరు చదవగలిగాను, ధర చదవలేకపోయాను. అక్కడ ఆగే బళ్ల కోసం నిమిషానికోసారి షాపు పేరు మాత్రమే తెర నిండా వచ్చేలా ఇంకో డిజైన్ కలిపాను.

రాత్రి ఎనిమిదికి అదే వెలుగు కళ్లలో గుచ్చుకుంది. ఎదురుగా వచ్చే బైకు అబ్బాయి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. లైట్ సెన్సర్ కట్టి, చీకటి పడ్డాక 10 శాతానికి దించాను. ఎదురు మేడ మీద అద్దెకున్న వాళ్లింటికి వెళ్లి, వాళ్ల కిటికీలోంచి చూసి, 7కి తగ్గించాను. “ఇప్పుడు పర్లేదన్నా, పిల్లలు పడుకుంటారు” అన్నారు ఆ ఇంటావిడ.

స్పేర్ మాడ్యూళ్లకి వెనక తేదీ, బ్యాచ్ నంబరు మార్కరుతో రాసి, సిలికా జెల్ పొట్లాలతో కవర్లలో కట్టి, పెట్టె తాళం పెద్దాయన చేతికిచ్చాను. రేపు మధ్యాహ్నం మూడింటికి వచ్చి వెనక ఫ్రేములో వేడి ఎంతుందో చూడాలి.